సాయవ్వ పెరట్లో సలిమంట

చలికాలం వచ్చిందంటే బోధన్‌లోని ఓ గల్లీ ఆడవాళ్లంతా పొద్దుగూకంగానే పీటలు పట్టుకొని సాయవ్వ పెరట్లోకి చేరతారు. హాస్టల్లో వంటచేసి రిటైరైన సాయవ్వ అక్కడ మోకాలిలోతు గుంత తవ్వి, చుట్టూ రాళ్లు పేర్చింది. ఎండిన తుమ్మకట్టెలే తప్ప పచ్చిపుల్ల వేయనివ్వదు. ప్లాస్టిక్ కవర్ వేసినవాళ్లను లేపి ఇంటికి పంపుతుంది. మంట అంటించే ముందు గోడమీంచి కేకేస్తుంది.

"ఎవలన్న బట్టలారేసిండ్రా? తీసుకోండ్రి!"

తర్వాత పొగకు చెప్తుంది. "నిటారుగ పో. పక్కింటి సిద్దిరాములన్న దిక్కు పోకు, ఆయనకు ఉబ్బసం."

పొగ తాడులా లేచి, ఇళ్లన్నీ దాటాక గానీ విచ్చుకోదు. ఏళ్లుగా అంతే.

ఈ ఏడు ఎదురుగా మేడ కట్టుకొని వచ్చిన భానుప్రసాద్‌కు అది నచ్చలేదు.

"గుంత పూడ్చెయ్ సాయవ్వా. ఆ ముసలాయనకు ఏమన్నైతె జవాబెవలు చెప్తరు?"

"ఆయన్నడిగే పెడుతున్న సారూ. నా పొగ ఒక్కనాడన్న మీ గడప తొక్కిందా?"

"మల్ల పెడితె పోలీసులను పిలుస్త."

"పిలువుండ్రి. వాళ్లకు గూడ సలే గద, కూసుంటరు."

మర్నాడు సాయంత్రం అతను వీడియో తీయడానికి ఫోన్ పట్టుకొని నిలబడ్డాడు. సాయవ్వ అతని కళ్లలోకి చూస్తూనే అగ్గిపుల్ల గీసింది. పొగ సగందాకా లేచి ఆగింది. వంగింది. నేరుగా సిద్దిరాములు కిటికీ దగ్గరికి పోయి, మూసిన అద్దాన్ని టకటకా కొట్టసాగింది.

"ఇగో, దొరికింది!" అన్నాడు భానుప్రసాద్.

సాయవ్వ దిగ్గున లేచింది. "పొగ నా మాట ఎన్నడు దాటలే," అంటూ బిందెడు నీళ్లు మంటమీద కుమ్మరించి పరుగెత్తింది. తలుపు తోసింది. ఒంటిమనిషి సిద్దిరాములు మంచం మీంచి కింద పడి, పెదవులు నల్లబడి, గాలందక కొట్టుకుంటున్నాడు. ఆడవాళ్లే ఎత్తి ఆటోలో వేశారు.

"ఇంకో పావుగంటైతే దక్కేవాడు కాదు," అన్నాడు డాక్టర్.

ఐదోనాడు సిద్దిరాములు ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రమే సాయవ్వ మళ్లీ కట్టెలు పేర్చి అంటించింది. భానుప్రసాద్ గేటుదాకా వచ్చాడు.

"మల్ల మొదలువెట్టినవా?"

ఆమె నోరు తెరిచేలోపే కుర్చీ ఈడుస్తున్న చప్పుడైంది. ఆస్పత్రికి తప్ప నాలుగేళ్లుగా గడప దాటని సిద్దిరాములు మఫ్లర్ చుట్టుకొని, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ, తన కుర్చీ తానే లాక్కొస్తున్నాడు. మంట పక్కన వేసుకొని కూర్చుని చేతులు చాపాడు.

"సారూ, గిది ఆర్పాల్నంటె ముందు నన్ను లేపు."