పంక్తిలో గుండె బిళ్లలు

నా గుండెలో స్టెంటు వేసిన డాక్టరు ఒకటే చెప్పారు. రక్తం గడ్డకట్టకుండా ఈ బిళ్ల రోజూ వేసుకోవాలి, ఒక్క పూట కూడా మానకూడదు. సరేనన్నాను. అంతకన్నా మాట్లాడడం నాకు చేతకాదు.

మా అల్లుడు నాగసతీష్ కాలేయానికి కొవ్వు పట్టిందని స్కానింగులో తేలింది. నెయ్యి, తీపి తగ్గించమన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి మా ఆవిడ వరహాలమ్మకు నిద్ర పట్టలేదు. ముక్తేశ్వరంలో అత్తారింటికొచ్చిన అల్లుడికి నెయ్యి తగ్గించడమా! ఆ పని తన చేతుల మీద జరగదంది.

అంతలో ఫోనులో ఏదో వీడియో చూసింది. నా బిళ్లల్లాంటివి కాలేయం కొవ్వుకు పనికొస్తాయేమోనని పరిశోధన చేస్తున్నారట. ఎలుకల మీద చూశారట.

"ఇంకా తేలలేదన్నారమ్మా. డాక్టరు చెప్పకుండా మింగొద్దని కూడా అన్నారు," అంది మా అమ్మాయి సత్యశ్రీ.

"ఎలుకకి పనికొచ్చింది అల్లుడికి పనికిరాదా? మీ ఆయన ఎలుకకన్నా తీసిపోయేడా?"

ఆదివారం అల్లుడి వైపు వాళ్లు భోజనానికి వచ్చారు. వరుసగా ఆకులు వేశాం. నేను చివర కూర్చున్నాను. వరహాలమ్మ అల్లుడి ఆకులో బొబ్బట్టు వేసి, నెయ్యి పోసి, పక్కన నా బిళ్ల ఒకటి పెట్టింది.

పక్కనే ఉన్న అల్లుడి పెదనాన్న అప్పలరాజు గారు తొంగి చూశారు.

"ఏంటండి చెల్లెమ్మగారూ అది?"

"కాలేయానికండి, అన్నయ్యగారూ."

"మాకు లేవా అండి కాలేయాలు? ఒకే పంక్తిలో కూర్చోబెట్టి ఆడికో రకం, మాకో రకమా?"

మావైపు అంతకన్నా పెద్ద మాట లేదు. ఆవిడ నాలుక్కరుచుకుని లోపలికెళ్లి బిళ్లల అట్ట తెచ్చింది. "మొహమాటపడకండి, వేసుకోండి" అంటూ ఆకు ఆకుకూ ఒకటి వడ్డించింది. నా దగ్గరకొచ్చేసరికి అట్ట ఖాళీ.

"మీరు ఇంటాయనే కదా, రేపేసుకుందురు," అంది.

ఆ బిళ్ల మా ఊళ్లో దొరకదు. అమలాపురంలో షాపు ఆదివారం తియ్యరు. వాళ్లేమో బొబ్బట్టు అయ్యాక మింగుదామని బిళ్లలు ఆకు అంచున పెట్టుకున్నారు. మింగితే వాళ్లకు రక్తం ఆగదు. మింగకపోతే నాకు గుండె ఆడదు.

లేచాను. అప్పలరాజు గారి ఆకులో, ఆవకాయ పక్కనున్న బిళ్ల తీసి నోట్లో వేసుకున్నాను.

"వడ్డించింది తీసేసుకుంటారా బావగారూ!" అని ఆయన లేచి నిలబడ్డారు. పంక్తి మొత్తం లేవబోయింది.

"ఆకు మీది. గుండె నాది," అన్నాను. "మిగతావి ఎవరూ మింగకండి. దెబ్బ తగిలితే రక్తం ఆగదు."

నేను ఒక్కసారే అన్ని మాటలనడం అంతకుముందు ఎవరూ విని ఎరగరు. అందరూ నావైపే చూశారు. వరహాలమ్మ గరిట నెయ్యి నేల మీద పోసింది.

"సరేనండి," అన్నారు అప్పలరాజు గారు, ఇంకా నిలబడే. "ఆకులోది పోయింది కదా. బదులేం వేస్తారు?"

వరహాలమ్మ రెండు బొబ్బట్లు వేసింది. ఆయన కూర్చున్నారు.

నాగసతీష్ వెంటనే తన బిళ్ల నా చేతిలో పెట్టాడు. "నాకూ బదులు వెయ్యండి అత్తయ్యగారూ."

తర్వాత పంక్తంతా అదే దారి. నెయ్యి కారుతున్న బిళ్లలు దోసిట్లో పట్టుకుని నేను నిలబడ్డాను. సత్యశ్రీ మొగుడికేసి గుడ్లురుముతోంది. అతను తల ఎత్తకుండా మూడో బొబ్బట్టు మడుస్తున్నాడు.