అట్టలెత్తే భోజనం

నేను రొయ్యలు ఒలుస్తుంటే మిస్ హాలోరన్ వచ్చింది. మా మనవరాలు జెనియా చదివే బడికి ఆవిడే పెద్ద.

"చందాల భోజనానికి నూటఇరవైమంది దాతలు, మిస్ ఒజీలియా! మీ చేతి గంబో పులుసు కడుపులో పడితే జేబులు వాటంతటవే తెరుచుకుంటాయి."

కూలి మాట ఎత్తలేదు. ప్రేమతో వండేదానికి కూలేమిటే అని మా ఆయన నలభై ఏళ్లు అన్నాడు. ఆయన పోయాక ఆ మాట బడి అందుకుంది.

సర్కారు బడికి పిల్లల తలకింతని ఇచ్చేది బస్సులకీ అద్దెకీ సరి. చదవలేని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే టీచరుకి జీతం ఈ భోజనంలోనే పుట్టాలి. పుట్టకపోతే ఆమె వెళ్లిపోతుంది. నాకు బడి లేదు, పాత పేపర్లు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆ టీచరు దగ్గర జెనియాకి ఇప్పుడిప్పుడే చదువులో మాటలు అందుతున్నాయి. అందుకే భోజనం రోజు తెల్లారకముందే లేచి వండాను.

మధ్యాహ్నం దాతలు తిన్నారు. ఒక్కొక్కరి ముందు అంకె వేసిన అట్ట. పిల్ల తన కథ చదవాలి, వాళ్లు అట్టలెత్తాలి, ఎత్తిన అట్టకి ఇంత చందా అని రాసుకుంటారు. జెనియాని వేదిక ఎక్కించి చేతిలో బడివాళ్లే రాసిన కాగితం పెట్టారు.

"మా అమ్మ నన్ను... ప... పరి..." ఆగిపోయింది. "అమ్మమ్మా, ఇదేం మాట?"

"ఎంత ముద్దుగా ఉందో!" అని ఎవరో నవ్వారు. చేతులు తుడుచుకుంటూ వెళ్లి చూశాను. 'పరిత్యజించింది' అని ఉంది. నా కూతురు హ్యూస్టన్‌లో ముసలివాళ్ల ఆశ్రమంలో రెండు షిఫ్టులు చేస్తోంది. వచ్చిన ప్రతిసారీ బస్సు కదిలేదాకా పిల్ల చెయ్యి వదలదు. 

"ఇది అబద్ధం" అన్నాను.

మిస్ హాలోరన్ నా చెవిలో గొణిగింది: "కాస్త కన్నీళ్లుండాలి, మిస్ ఒజీలియా. లేకపోతే అట్టలు లేవవు. టీచరు సంగతి గుర్తుంది కదా? పలికించండి."

దాతలు మూతులు తుడుచుకుని, ఏడవడానికి సిద్ధంగా కూర్చున్నారు. వాళ్ల నోళ్లలోంచి నా వంట వాసనే వస్తోంది. ఈ మాట పలక్కపోతే టీచరు పోతుంది.

"ఎలా పలకాలి అమ్మమ్మా?"

కాగితం మడిచి నా ఏప్రాన్ జేబులో పెట్టుకున్నాను.

"ఆ మాట నీకు నేను నేర్పను. దిగు తల్లీ."