గసగసాల కూత

ప్రాగ్‌లో సినిమా సంగీతం వాయించే ఆ వాద్యబృందంలో ఒక రూలుంది. కొమ్ము ఊదేవాడి స్వరం మధ్యలో పగిలి పిచ్చికూత వస్తే దాన్ని 'కిక్స్' అంటారు. కిక్స్ పడ్డవాడు ఆ పూట కొమ్ముల వరుస మొత్తానికి బీరు పోయించాలి. వరుసలో ఉన్నది నలుగురు. మొదటి కుర్చీ ఒటాకర్‌ది. ముప్పై నాలుగేళ్లలో ఆ మహానుభావుడు ఒక్క గ్లాసు పోయించిన పాపాన పోలేదు. పోనీ ఊరుకున్నాడా? పెళ్లిళ్లలో చెప్పేవాడు, చావుల్లో చెప్పేవాడు, ట్రాములో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ముసలమ్మకీ చెప్పేవాడు.

రెండో కుర్చీ లుబోర్‌ది. ఒటాకర్ భార్య యర్మిలాకు స్వయానా అన్న. 1963లో ఒక అంతరిక్షం సినిమాకు వాయిస్తుంటే కొమ్ము ఘోరంగా కూసింది. వాద్యబృందాన్ని నడిపించే కండక్టరు లుబోర్ వైపు వేలు చూపించి నానా తిట్లూ తిట్టాడు. మళ్లీ వాయించడానికి టైము లేక ఆ కూత అలాగే సినిమాలోకి వెళ్లిపోయింది. బీరు లుబోరే పోయించాడు. ఆనాటి నుంచి అతని పేరు కిక్స్. సొంత మనవలు కూడా 'కిక్స్ తాతా' అనే పిలుస్తారు.

నిజానికి ఆ కూత ఒటాకర్‌ది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడంతే.

1997 మార్చిలో ఓహాయో నుంచి విట్‌కాంబ్ అనే ఆయన దిగాడు. పాత అంతరిక్ష సినిమాల సంగీతాన్ని పెద్ద వాద్యబృందంతో మళ్లీ వాయింపించి సీడీలు వెయ్యడం ఆయన పిచ్చి. ఈసారి పట్టుకొచ్చింది సరిగ్గా ఆ సినిమానే. నలుగురు వ్యోమగాములు బుట్టలు పుచ్చుకుని బృహస్పతి మీదికి పుట్టగొడుగులు ఏరడానికి వెళ్తారు. అక్కడ పుట్టగొడుగుల రాణి వాళ్లను చూసి ఏడుస్తుంది. అసలు నొటేషన్ కాగితాలు ఎప్పుడో వరదలో పోయాయి. అందుకని ఆయన నాలుగేళ్లు సినిమా ముందు కూర్చుని, చెవితో విని, ప్రతి చప్పుడూ రాసుకొచ్చాడు.

ప్రతి చప్పుడూ! ఏడో పేజీ తిప్పగానే ఒటాకర్ గుండె గుభేలుమంది. తన కూత అక్కడ నాలుగు చుక్కలు, రెండు వంకర్లతో, పైన 'రాణి ఏడుపు' అని పేరు పెట్టుకుని దర్జాగా కూర్చుంది.

ఒటాకర్ ఆ చోట తేనెలాంటి స్వరం ఊదాడు. విట్‌కాంబ్ జుట్టు పీక్కున్నాడు. ఆయన మాటలు తర్జుమా చేసే క్వేతా లేచింది.

"అది కాదంటున్నారండీ. ఏడుపు రావాలట. ప్రపంచంలో ఇంత గొప్ప కొమ్ము స్వరం ఇంకోటి లేదట. దాని పేర అమెరికాలో ఒక సంఘమే ఉందట."

హాలంతా గొల్లుమంది. "ఒరే కిక్స్, తప్పిపోయిన నీ బిడ్డ దొరికిందిరోయ్!" అని వెనక నుంచి డోలు వాయించే అతను అరిచాడు.

విషయం తెలియగానే విట్‌కాంబ్ పరుగున వచ్చి లుబోర్ చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. సీడీ అట్ట మీద ఆయన ఫోటో వేస్తానన్నాడు. ఇవాళ మొదటి కొమ్ము కూడా ఆయనే ఊదాలన్నాడు. ఒటాకర్ లేచి రెండో కుర్చీలోకి మారాడు. కడుపు మండిపోయింది. తిట్లు తిన్నది లుబోరే, సరే, ఇప్పుడు ఫోటో కూడా లుబోర్‌దేనా? ఆ మాట పైకి అనే మొహం మాత్రం ఆయనకు లేదు.

తమాషా ఏమిటంటే, లుబోర్‌కు ఆ కూత రాలేదు. ఎలా వస్తుంది పాపం? ఒకసారి తేనుపు వచ్చింది, ఒకసారి బాతు అరిచింది, తొమ్మిదిసార్లు స్వరం శుభ్రంగా పలికింది. విట్‌కాంబ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒంటిగంటకు హాలు ఖాళీ చెయ్యాలి. అప్పటికి కుదరకపోతే రాణి ఘట్టం తీసేస్తారు.

"ఏం కిక్స్, అరువు తెచ్చుకున్న కూతా అది?" అన్నాడు డోలాయన. అందరూ నవ్వారు. లుబోర్ నవ్వలేదు. చెమటలు తుడుచుకుంటూ కొమ్ము వైపు చూస్తున్నాడు.

ఆ చూపు చూసి ఒటాకర్‌కు సిగ్గేసింది. నిజంగా, చెవులు ఎర్రబడేంత సిగ్గేసింది. విరామం ఇవ్వగానే క్యాంటీన్‌కు పరిగెత్తి గసగసాల కొలాచ్ ఒకటి కొన్నాడు. ఆ తియ్యరొట్టెను నిలబడే గబగబా మింగాడు, మూతి తుడుచుకోలేదు.

వచ్చి లుబోర్ పక్కన నిలబడ్డాడు. "బావా, లే. అది నా కుర్చీ."

"ఇప్పుడా? నా పరువు పూర్తిగా తియ్యడానికా?"

"కాదు బావా, నాది నేనే తీసుకోవడానికి."

ఏడో పేజీ వచ్చింది. ఒటాకర్ ఊదాడు. పెదవికీ కొమ్ముకీ మధ్య రెండు గసగసాలు ఇరుక్కున్నాయి. అదిగో, వచ్చింది! కాలు తొక్కితే పిల్లి పెట్టే కేకలా మొదలై, బృహస్పతి దాకా వెళ్లి, అక్కడ వెక్కి వెక్కి ఏడ్చింది. విట్‌కాంబ్ నేల మీద కూలబడి దండం పెట్టాడు.



"అప్పుడూ నేనే," అన్నాడు ఒటాకర్. "ఆ రోజు కాగితాల స్టాండు చాటున కొలాచ్ తిన్నాను. నన్ను క్షమించు బావా."

"నాకు తెలియదనుకున్నావా?" అన్నాడు లుబోర్. "నీ పక్కనే కూర్చున్నానురా! పళ్ల నిండా గసగసాలే."

"మరి చెప్పలేదేం?"

"శనివారం నీ పెళ్లి. కండక్టరు నిన్ను గెంటేస్తే మా చెల్లి ఏమైపోవాలి? పైగా ఆ కొలాచ్ మా అమ్మ చేసింది. ఆవిడ వంట మీదికి మాట రానిస్తానా?"

క్వేతా మెల్లగా అడిగింది. "ఇంతకీ అట్ట మీద ఎవరి ఫోటో వెయ్యమంటారని అడుగుతున్నారండీ?"

"నాదే!" అన్నాడు లుబోర్ ఠక్కున. "ముప్పై నాలుగేళ్లు పేరు నేను మోశాను. ఇకనుంచి పేరు నువ్వు మొయ్యి బావా, ఫోటో నాకొదిలెయ్."

ఆ మధ్యాహ్నం కొమ్ముల వరుస మొత్తం బీరుకొట్టుకు వెళ్లింది. సర్వరు నాలుగు గ్లాసులు పట్టుకొచ్చి, "ఇవాళ కిక్స్ ఎవరండీ?" అని అడిగాడు.

మూతి మీద గసగసాలతోనే ఒటాకర్ చెయ్యెత్తాడు.