హాలోవెల్ నియమం

మా ప్రెయిరీ కళాశాలల క్రీడా సమాఖ్యలో అమెరికా నడిమధ్య మైదానాల్లోని తొమ్మిది కళాశాలలు ఉన్నాయి. వాటి ఛాంపియన్‌షిప్పులు ఎప్పుడు, ఎక్కడ, ఏ నిబంధనల కింద జరగాలో తేల్చడానికి ఒక సంఘం ఉంది. నా పేరు రోండా ప్రాచ్. ఆ సంఘం సమావేశాలకి పదకొండేళ్ళు మినిట్స్ రాశాను. మినిట్స్ అంటే జరిగినది రాయడం అని కొత్తవాళ్ళు అనుకుంటారు. జరగనట్టు అందరూ కలిసి ఒప్పుకున్నది తీసేసి, మిగిలింది రాయడమే మినిట్స్.

కిందటేడాది మే నెలలో ఓక్లహోమాలో పోటీలు పెట్టాం. అమ్మాయిల పదివేల మీటర్ల పరుగు మధ్యాహ్నం రెండు గంటలకి. కోరిన్ యేట్స్ అనే అమ్మాయి ఆఖరి చుట్టులో మలుపు తిరగకుండా తిన్నగా గడ్డిలోకి పరుగెత్తింది. అక్కడ గీత లేదు, మనిషి లేడు. గెలిచినట్టు రెండు చేతులూ పైకెత్తి, అలాగే బోర్లా పడిపోయింది. ఆసుపత్రికి చేరేసరికి ఒంటి వేడి నూట ఏడు డిగ్రీలు. మూత్రపిండాలు మళ్ళీ దారికి రావడానికి వేసవంతా పట్టింది. మినిట్స్‌లో ఆ సంగతి ఇలా ఉంది: "పరుగు పూర్తిచేయనివారు, ఒకరు." అలా రాయమన్నది మా సంఘం అధ్యక్షుడు. రాసింది మాత్రం నేనే.

అధ్యక్షుడి పేరు డాక్టర్ బ్రైస్ హాలోవెల్. తొమ్మిదింట్లో పెద్ద కళాశాలకి ఆయన ప్రెసిడెంటు. డాక్టరేటు హోటళ్ళ నిర్వహణలో తీసుకున్నాడు గానీ, వైద్యం గురించి మాటొచ్చినప్పుడల్లా "డాక్టరుగా చెబుతున్నాను" అనే అలవాటు ఉంది. మంచి గొంతు, మంచి జుట్టు. క్రీడాకారులంటే ఆయనకి నిజంగానే ఇష్టం, ముఖ్యంగా వాళ్ళ పక్కన నిలబడి ఫొటో దిగడం.

సంఘంలో విద్యార్థుల తరఫున ఓటున్న ఒక కుర్చీ ఉంటుంది. కాఫీ డబ్బా పక్కన వేస్తారు, వచ్చేపోయేవాళ్ళు కప్పులు అందుకోవడానికి ఆ కుర్చీ మీదుగానే వంగాలి. ఆ ఏడాది అందులోకి టెస్సా ఓబ్రెక్ట్ వచ్చింది. కోరిన్ జట్టులోదే, హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. మట్టి గురించి చదువుకుంటోంది. మాట తక్కువ, చదివేది ఎక్కువ. పక్కనుంచి ఎవరైనా కాఫీ కోసం వంగితే, తన కాగితం మీద నుంచి కళ్ళెత్తకుండా తల పక్కకి తిప్పేది.

అక్టోబరు సమావేశం ఒక హోటల్లో జరిగింది. ఏసీ ఎంత చల్లగా పెట్టారంటే, ఎండదెబ్బ గురించిన చర్చంతా స్వెట్టర్లు వేసుకుని చేశాం. టెస్సా లేచి పదివేల మీటర్ల పరుగుని ఉదయం ఏడింటికి మార్చాలని ప్రతిపాదించింది. ఏడింటికి సంఘం వాళ్ళ అల్పాహారం ఉందని అధ్యక్షుడు గుర్తుచేశాడు. పోనీ సాయంత్రం ఏడింటికి అంది. ఆరున్నరకి బహుమతుల విందు, మాంసం స్టేకులకి ముందే ఆర్డరిచ్చేశారు, చల్లారిపోతే నమలలేమని ఒకాయన బాధపడ్డాడు.

డ్వైట్ కెసింజర్ అప్పుడు నోరు విప్పాడు. ఆయన పూర్వం ఫుట్‌బాల్ కోచ్, ఇప్పుడు ఒక కళాశాలలో క్రీడల డైరెక్టరు. వాళ్ళ రోజుల్లో మంచినీళ్ళు అడిగితే ఇంకో రెండు చుట్లు పరుగెత్తించేవారట, అందువల్లే తామంతా ఇలా తయారయ్యామట. ఇలా అంటే ఎలాగో ఎవరూ అడగలేదు. ఆయనకి రెండు మోకాళ్ళూ మార్చారు, నడవడానికి ఊతంగా, కూర్చునే పీట ఉన్న ఒక చిన్న చక్రాల బండి వాడతాడు.

గస్ మెండివిల్ కూడా వచ్చాడు. క్రీడాకారుల గాయాలు చూసే మనిషి, ముప్ఫై ఏళ్ళ అనుభవం, ఓటు లేదు. మంచునీళ్ళతో నింపిన తొట్లు ఆరు కావాలన్నాడు. ఎండదెబ్బ తగిలినవాళ్ళని పది నిమిషాల్లోగా మంచులో ముంచితే బతుకుతారు, ఆసుపత్రికి తీసుకెళ్ళేదాకా ఆగితే చెప్పలేం అన్నాడు. సంఘం గంటసేపు ఆలోచించి ఒక తొట్టి మంజూరు చేసింది, అదీ "ప్రదర్శన నిమిత్తం." దానికి తోడు "క్రీడాకారులే ముందు" అనే పేరుతో నలభై పేజీల సంక్షేమ విధానం ఆమోదించింది. అందులో ఊపిరి పీల్చే వ్యాయామం ఉంది, కృతజ్ఞత గురించి ఒక అధ్యాయం ఉంది. ప్రతి క్రీడాకారుడికీ ఒక ఊదారంగు నీళ్ళ సీసా ఉచితం. సీసాలు ఇచ్చే కంపెనీకి నీళ్ళు నింపే బాధ్యత లేదట.

ఆ రోజు సమావేశం అయ్యాక టెస్సా నన్ను వరండాలో ఆపింది. రూల్సు పుస్తకం మొత్తం కావాలంది. రెండువందల పన్నెండు పేజీలు, అడిగినవాళ్ళు నా పదకొండేళ్ళలో ఆమె ఒక్కతే.

జనవరిలో ఫోన్ చేసింది.

"రోండా గారూ, పధ్నాలుగో నియమం ఎప్పుడైనా చదివారా?"

టైపు చేశాను గానీ చదవలేదని చెప్పాను. చదివి వినిపించింది. పరుగు మధ్యలో క్రీడాకారులకి అస్వస్థత కలిగితే, మిగతావాళ్ళకి అడ్డం రాకుండా పక్కకి తీయాలి. పరుగు ఆగదు. వాతావరణం వల్ల ఒక అధికారికి అస్వస్థత కలిగితే మాత్రం పరుగు వెంటనే ఆపెయ్యాలి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ మొదటినుంచి పెట్టాలి. ఎప్పుడో అరవై ఏళ్ళ కిందట పరుగు మొదలుపెట్టడానికి తుపాకీ పేల్చే పెద్దమనిషి ఎవరో ఎండకి కూలబడితే రాసుకున్నారట.

ఏం చేద్దామనుకుంటున్నావని అడిగాను.

"సంఘం పెద్దల్ని ఎండకి పడెయ్యాలని కాదండీ. ఒక్కసారి వచ్చి అక్కడ మాతోపాటు నిలబడమనండి. నిలబడితే వాళ్ళే టైము మారుస్తారు."

ప్రతిపాదనలో మాటలు కూర్చింది నేనే, ఇది దాచను. "అధికారుల హోదాలో" అన్న రెండు మాటలూ నావి. మార్చి సమావేశంలో టెస్సా దాన్ని చదివింది: క్రీడాకారులకి సంఘీభావంగా, ఓటున్న పెద్దలు అయిదుగురూ సంఘం కోట్లు ధరించి, పదివేల మీటర్ల పరుగు జరుగుతున్నంతసేపూ మైదానం మధ్య అధికారుల హోదాలో నిలబడాలి.

హాలోవెల్ ముఖం వెలిగిపోయింది. ఇలాంటి యువత ఉన్నంతకాలం దేశానికి ఢోకా లేదన్నాడు. ఫొటోగ్రాఫర్ ఎక్కడ నిలబడితే వెలుతురు బాగుంటుందని అడిగాడు. ప్రతిపాదన ఏకగ్రీవంగా నెగ్గింది. సంఘం కోటు అంటే ముదురు నీలం ఉన్ని కోటు, ఇత్తడి గుండీలు, లోపల మెరిసే అస్తరు. నవంబరు నెల ఫుట్‌బాల్ మ్యాచ్‌ల కోసం కుట్టించినవి.

మేలో పోటీల ముందు రోజు వాతావరణ సూచన నూటొక్క డిగ్రీల ఫారెన్‌హీట్ చెప్పింది. టెస్సా అనుకున్నట్టే అధ్యక్షుడు అత్యవసర సమావేశం పెట్టాడు. పరుగు టైము మారుస్తారని ఆమె, నేను, గస్ ముగ్గురం ఆశపడ్డాం. ఇరవై నిమిషాలు చర్చించి, పరుగుకి ముందు తన ఉపన్యాసాన్ని పన్నెండు నిమిషాల నుంచి ఎనిమిదికి తగ్గించుకుంటున్నట్టు ఆయన ప్రకటించాడు. సభ్యులు చప్పట్లు కొట్టారు.

మర్నాడు రెండింటికి ట్రాక్ మీద చెయ్యి పెడితే కాలింది. పదిహేడుమంది అమ్మాయిలు గీత దగ్గర నిలబడి ఎనిమిది నిమిషాల ఉపన్యాసం విన్నారు. అది పదకొండు నిమిషాలు సాగింది. తర్వాత తుపాకీ పేలింది. అయిదుగురు పెద్దలూ నీలం కోట్లలో మైదానం మధ్య వరసగా నిలబడ్డారు.

మొత్తం ఇరవై అయిదు చుట్లు. అయిదో చుట్టుకి ఫొటోగ్రాఫర్ పని ముగించుకుని నీడలోకి వెళ్ళిపోయాడు. ఆరో చుట్టులో ఇద్దరు పెద్దలకి ఒకేసారి ముఖ్యమైన ఫోన్లు వచ్చాయి, వాటి తెర మీద నాకేమీ కనబడలేదు. తొమ్మిదో చుట్టులో మూడో ఆయన వాళ్ళని వెతకడానికి వెళ్ళాడు. డ్వైట్ తన బండి మీద కూర్చుని, టోపీ విప్పి, ఎవరికీ కనబడకుండా ఊదారంగు సీసాలోంచి నీళ్ళు నెత్తిన పోసుకున్నాడు. సీసాలో నీళ్ళు ఆయన ఇంటినుంచే తెచ్చుకున్నాడు.

హాలోవెల్ మాత్రం కదల్లేదు. ఇది ఆయనకి దక్కాల్సిన మాటే, చెబుతున్నాను. కోటు గుండీ కూడా విప్పలేదు. పదకొండో చుట్టు దాకా వచ్చేపోయే అమ్మాయిలకి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. తర్వాత అమ్మాయిలు లేనివైపు కూడా ఊపడం మొదలుపెట్టాడు.

టెస్సా అప్పటికి అందరికన్నా ముందుంది. వెనకున్న అమ్మాయికి, ఆమెకి మధ్య ఎనభై మీటర్లు. ఆమె అంత బాగా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

పదమూడో చుట్టులో హాలోవెల్ నడుచుకుంటూ వెళ్ళి హైజంప్ పరుపు మీద కూర్చున్నాడు. గస్ పరుగున వచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నేనెవరో చెప్పండి అన్నాడు. హాలోవెల్ ఎవరో పెద్ద దాతని చూసినట్టు అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని నవ్వాడు.

"మీ ఉదారతని మా కళాశాల ఎన్నటికీ మరిచిపోదు. భవనానికి మీ అమ్మగారి పేరే పెడతాం."

చెమట పట్టడం ఆగిపోయింది, ఒళ్ళు కాలిపోతోంది. గస్, ఇద్దరు కోచ్‌లు కలిసి ఆయన్ని ఎత్తి, ఉన్ని కోటుతో సహా మంచు తొట్టిలో దించారు. ఉన్న ఒక్క తొట్టి.

నేను రిఫరీ దగ్గరికి వెళ్ళాను. అతను యువకుడు, ఎప్పుడూ పరుగు ఆపి ఎరగడు. డ్వైట్ బండి తోసుకుంటూ వచ్చి, ఒక పెద్దాయన కూర్చున్నంత మాత్రాన ఛాంపియన్‌షిప్పు ఆపుతారా, ఇంకా పన్నెండు చుట్లే కదా, కానివ్వమన్నాడు. నేను పుస్తకం తెరిచి పధ్నాలుగో నియమం చదివాను. పదకొండేళ్ళలో ఆ సంఘం పనిలో నేను పైకి చదివిన మొదటి వాక్యం అది.

"ఆయన ఎవరో ఒకాయన కాదండీ," అన్నాను డ్వైట్‌తో. "అధికారి. తీర్మానం మీరూ ఒప్పుకున్నారు."

రిఫరీ తుపాకీ పేల్చాడు. అమ్మాయిలు ఒక్కొక్కరే ఆగి, ఏమైందో తెలియక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నారు. వాళ్ళలో ముగ్గురు ఇంకో నాలుగు చుట్లు కూడా లాగేవారు కాదని గస్ తర్వాత చెప్పాడు. ముగ్గురికీ కలిపి ఉన్నది ఒక్క తొట్టి, అందులో ప్రెసిడెంటు.

హాలోవెల్ ఆరు నిమిషాల్లో తేరుకున్నాడు. మొదట అడిగింది తన జుట్టు గురించి. మర్నాడు పొద్దున ఆరింటికి పరుగు మళ్ళీ పెట్టారు. గాలి చల్లగా ఉంది, పదిహేడుమందీ గీత దాటారు. ముందు రోజు ముందుండి ఎండలో పదమూడు చుట్లు లాగినందుకు టెస్సా కాళ్ళు సహకరించలేదు. నాలుగోది వచ్చింది. పతకాలు ముగ్గురికే.

జూన్ సమావేశంలో హాలోవెల్ నలభై నిమిషాలు మాట్లాడాడు. ఎండ అంటే ఏమిటో తను లోపలినుంచి చూశానన్నాడు. పుస్తకాల్లో చదివినవాళ్ళకి అది అర్థం కాదన్నాడు. తొంభై డిగ్రీలు దాటితే ఏ అధికారీ పది నిమిషాలకి మించి మైదానంలో ఉండరాదని కొత్త నియమం తెచ్చారు. అధికారులు లేకుండా పరుగు పెట్టలేరు కాబట్టి పొడుగు పరుగులన్నీ తెల్లవారి ఆరింటికి మారాయి. అల్పాహారం ఎనిమిదికి జరిగింది, ఎవరూ పస్తుండలేదు. ఆ కొత్త నియమానికి హాలోవెల్ నియమం అని పేరు పెట్టారు. పక్క రాష్ట్రాల సమాఖ్యలు కూడా దాన్ని తీసుకున్నాయి. క్రీడాకారుల సంక్షేమానికి చేసిన సేవకి ఆయనకి గాజు ఫలకం ఇచ్చారు. మంచు తొట్లు ఆరు కొన్నారు, రెండింటి మీద "అధికారులకు మాత్రమే" అని రాశారు.

అదే సమావేశంలో డ్వైట్ ఇంకో తీర్మానం తెచ్చాడు. విద్యార్థుల ప్రతిపాదన వల్ల ఒక అధికారి ప్రాణాల మీదికి వచ్చింది గనక, ఇకమీదట ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళు గౌరవ పరిశీలకులుగా ఉంటారు, ప్రతిపాదనలు చేయరు, ఓటు వేయరు. టెస్సా ఒక్కతే వ్యతిరేకించింది. అదే ఆ కుర్చీ వేసిన చివరి ఓటు. ఎవరు ఏమన్నారో, ఎవరు ఎటు చెయ్యెత్తారో ఈసారి మినిట్స్‌లో మాట పోకుండా రాశాను. సెప్టెంబరులో నా స్థానంలో వేరే ఆమెని తీసుకున్నారు.

సమావేశం అయ్యాక టెస్సాతో కార్ల దాకా నడిచాను. మనం గెలిచాం కదమ్మా అన్నాను, ఓదార్పుగా. ఆమె సంచీలో తాళంచెవి వెతుక్కుంటోంది.

"ఆయన పరుపు వైపు నడవడం నేను చూశానండీ. ఆ మలుపు దగ్గరే ఉన్నాను." తాళంచెవి దొరికినా తలుపు తియ్యలేదు. "నాకేమనిపించిందో తెలుసా? ఇంకో పన్నెండు చుట్లు ఆగవయ్యా, నేను గెలిచాక పడు, అని. కోరిన్ గుర్తే రాలేదు నాకు."

అలా అనిపించడం తప్పు కాదని చెప్పబోయాను. ఆమె వినేలా లేదు. కారెక్కి, అద్దం దించి, శనివారం తన పొలం పరీక్షలకి మట్టి తవ్వాలి, ఖాళీ ఉంటే రమ్మంది. వస్తానన్నాను.