సైకిలెక్కిన మొక్కు కోడి

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు జారిపోతాయి, పేజీ నిండాలంటే పూటంతా పడుతుంది. చదివేవారు సర్దుకోవాలి. ఇక కథలోకి వస్తాను.

తాడేపల్లిగూడెంలో ఇందుజ అనే అమ్మాయి ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఊళ్ళో సైకిల్ క్లబ్బువాళ్ళు చలికాలంలో కన్యాకుమారి వెళుతున్నారు. వాళ్ళతో వెళ్ళాలంటే ముందు ఒక పరీక్ష ఉంది. మూడు రోజుల్లో మూడు వందల కిలోమీటర్లు తొక్కి, ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా గూడెం స్టేషన్ దగ్గరికి చేరాలి. ఇందుజకి సెలవు దొరికేది ఒక్కసారే. ఇప్పుడు తప్పితే కన్యాకుమారి లేదు.

ఏలూరు, పెదపాడు, కైకలూరు, బందరు, భీమవరం మీదుగా మళ్ళీ గూడెం అని దారి గీసుకుంది. రాత్రిళ్ళు లాడ్జీలో పడుకుంటానంది. వాళ్ళమ్మ దుర్గాభవాని ఇంతెత్తున లేచింది.

"లాడ్జీయా? దారి పొడుగునా మన చుట్టాలుండగా లాడ్జీ ఏవిటే?"

ఆ పూటే అందరికీ ఫోన్లు చేసేసింది. భీమడోలు పిన్ని పెసరట్టు ఉప్మా అంది, తర్వాత భోజనం చేసి, కాస్త నడుం వాల్చి, ఎండ చల్లబడ్డాక బయల్దేరమంది. ఏలూరు మావయ్య శ్రీనివాసరావు కొర్రమీను చెప్పి ఉంచానన్నాడు. బందరు బాబాయి ఒక్క రోజన్నా ఉండకపోతే మాటల్లేవన్నాడు. భీమవరం అత్తయ్య రొయ్యల వేపుడు దగ్గర మొదలుపెట్టి ఎక్కడా ఆగలేదు.

క్లబ్బు నడిపే నెల్సన్ మాస్టారు ఆ ప్లాను చూసి తల పట్టుకున్నారు.

"ఇందుజగారూ, ఇది సైకిల్ టూరా, శుభలేఖలు పంచడవా? పోయినేడు మన అబ్బులు అన్నవరం అని బయల్దేరి తణుకులో మేనత్తగారింట్లో ఆగిపోయాడండీ. నాలుగు రోజుల తర్వాత లారీలో దింపారు. మనిషి సైకిలు మీద పట్టలేదు."

వద్దంటే చుట్టాలు ఊరుకోరు. ఆగితే టైము అయిపోతుంది. మన గోదావరి జిల్లాల్లో వచ్చిన మనిషిని తినకుండా పంపడానికి ఒక్కటే కారణం చెల్లుతుంది. ఇందుజ ఆ కారణమే పట్టుకుంది.

"అమ్మా, కొల్లేటికోట పెద్దింట్లమ్మకి మొక్కుకున్నాను. మొక్కు తీరేదాకా ఎవరి గడపా తొక్కను, ఎవరింటి వంటా ముట్టను."

"ఎప్పుడు మొక్కుకున్నావే?"

"నిద్రలో."

దుర్గాభవాని కళ్ళు తుడుచుకుంది. పెళ్ళి కోసమే అనుకుంది. మళ్ళీ అందరికీ ఫోన్లు వెళ్ళాయి.

శుక్రవారం తెల్లవారగానే ఇందుజ బయల్దేరింది. భీమడోలులో పిన్ని రోడ్డు మీదే బిందెతో నిలబడి ఉంది. రెండు చక్రాలకీ పసుపునీళ్ళు పోసి, హ్యాండిలుకి బొట్టు పెట్టి, చీర, గాజులు చేతిలో పెట్టింది.

"ఎలాగూ అమ్మ దగ్గరికే కదా, ఇవి నా తరఫున ఇచ్చెయ్యమ్మా."

పసుపునీళ్ళకి చైను కీచుమంది. గుండుగొలను దాటాక ఇందుజ రోడ్డు పక్క హోటల్లో దొంగతనంగా ఇడ్లీ తింది. ఏలూరులో మావయ్య కొర్రమీను మానేసి కొబ్బరికాయల సంచీ తగిలించాడు. చీకటిపడే వేళకి సైకిలు సంతకి వెళ్ళే బండిలా పెదపాడు చేరింది.

అక్కడ ఆమె పెద్దమ్మ ఉంది. వరండాలో మంచం, దోమతెర వేసి ఉంచింది. తెల్లారి కాళ్ళు కట్టిన ఎర్రకోడిపుంజు ఉన్న బుట్ట తెచ్చి క్యారేజీ మీద పెట్టింది.

"కోడేంటి పెద్దమ్మా! నేను పెడలు తొక్కాలా, దీన్ని ఆడించాలా?"

"మీ పెదనాన్నకి కిడ్నీలో రాయి పడిపోతే కోడినిస్తానని మొక్కానమ్మా. రాయి పడిపోయింది. తర్వాత ఆయనా పోయారు. మొక్కు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. పట్టుకెళ్ళి తీర్చెయ్యి."

కొల్లేటి గట్ల మీద కోడి దారంతా కూసింది. చేపల చెరువుల దగ్గర కాపలావాళ్ళు లేచి నిలబడి చూశారు. కొల్లేటికోటలో చీర, గాజులు, కొబ్బరికాయలు ఇచ్చేసింది. ఇక కోడి మిగిలింది. అంతలో ఫోను మోగింది. బందరు బాబాయి.

"ఏమ్మా, మొక్కు తీరిపోయిందా? తీరిపోతే పీతల కూర పొయ్యి మీద పెట్టించేస్తాను. రేపు సాయంత్రం దాకా నిన్ను కదలనిచ్చేది లేదు."

ఇందుజ కోడి వైపు చూసింది. కోడి ఇందుజ వైపు చూసింది. తర్వాత ఇందుజ గుడి వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

"తల్లీ, మొక్కుకున్నానని ఊరికే అన్నాను. నీకు తెలుసు. ఈ కోడి మా పెద్దమ్మది. కన్యాకుమారి వెళ్ళొచ్చేదాకా దీన్ని నా దగ్గరే ఉండనీ."

పెద్దింట్లమ్మ ఏమీ అనలేదు. కాదనలేదు కూడా.

"ఇంకా తీరలేదు బాబాయ్, కోడి నాతోనే ఉంది," అంది ఫోనులో.

బందరులో ఆ రాత్రి వరండాలోనే పడుకుంది. బాబాయి పీతల వాసన చూపించాడు గానీ మొక్కు కోడి ఉన్న మనిషిని బలవంతపెట్టలేకపోయాడు. భీమవరంలో అత్తయ్య గుమ్మంలో నిలబడి అరటిపళ్ళు మాత్రం ఇచ్చి, కోడికి నూకలు వేసి పంపింది.

ఆదివారం సాయంత్రం గూడెం స్టేషన్ దగ్గర నెల్సన్ మాస్టారు వాచీ చూసుకున్నారు. ఆరుకి ఇంకా టైముంది. తర్వాత బుట్ట చూశారు.

"పాసయ్యారండీ. ఇద్దరి పేర్లూ రాసుకోమంటారా?"

దుర్గాభవాని అప్పుడే నెల్లూరులోనూ మధురైలోనూ ఉన్న చుట్టాలకి ఫోన్లు మొదలుపెట్టింది. ఇందుజ పెరట్లో కోడికి రోజూ గింజలు వేస్తోంది, దానికి ఏ జబ్బూ రాకూడదని.

గంగాభవాని, వయసు డెబ్భై ఒకటి, ప్రస్తుతం పెదపాడులో ఉంటున్నాను.