బలపరిచినవారు

సభామందిరం నేల మూడోసారి తుడిచేసరికి స్వీపరమ్మకు నడుం పట్టేసింది. పన్నెండింటికి విశ్వవిద్యాలయం కొత్త పాలకమండలి ఎన్నిక. ఎన్నిక అనడం మర్యాదకే. పన్నెండు కుర్చీల్లో పదకొండింటికి పేర్లు పైనుంచి కవర్లో వచ్చేశాయి. మిగిలిన ఒక్కటీ పనివాళ్లది. దాన్ని పనివాళ్లే ఎన్నుకోవాలని చట్టం. అందులో కూర్చోబోయేది మాత్రం శుభ్రత పనుల కాంట్రాక్టరు. చీపురు ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని మనిషి, హాజరుపట్టీలో తన పేరూ రాయించుకుని పనివాడైపోయాడు.

అరవైమంది స్వీపర్లను పర్మినెంటు చేసే ఫైలు ఈ మండలి ముందుకే రావాలి. ఆయన కూర్చుంటే అది అటకెక్కినట్టే. పధ్నాలుగేళ్లుగా ఆమె కళ్లు కాయలు కాసేలా చూస్తున్నది ఆ ఫైలు కోసమే.

టైపిస్టు సైగచేసి పిలిచాడు. సమావేశం తీర్మానాలు ముందురోజే టైపు చేసి పెట్టడం ఆ ఆఫీసు ఆనవాయితీ. పాత కాగితం ముందేసుకుని తేదీలు మార్చేస్తే పనైపోతుంది.

"అక్కా, కొంప మునిగింది. బలపరిచినవారి దగ్గర పేరు మార్చడం మర్చిపోయా. పోయినసారి సంతకం పెట్టిన మీ అమ్మ పేరే పడింది."

అమ్మ ఇక్కడే రసాయనాల గది కడిగేది. ముక్కుకు మాస్కు ఇప్పించమని అడిగి అడిగి, ఊపిరితిత్తులు పాడై నిరుడు పోయింది. ఇవ్వనిది ఈ కాంట్రాక్టరే.

"అది కొట్టేసి నీ పేరు రాస్తా. ఇక్కడో సంతకం పెట్టు."

"పెట్టను తమ్ముడూ."

"రేపట్నుంచి నీకు పనుండదక్కా. నాకూ ఉండదు."

"మా అమ్మని పొట్టనపెట్టుకున్నాడు వాడు. నా వల్ల కాదు."

టైపిస్టు వెళ్లి రిజిస్ట్రారుకు చెప్పాడు. ఆయన తలెత్తలేదు.

"అయితే పాత పేరే ఉండనీవయ్యా. ఎవడు చూడొచ్చాడు?"

పన్నెండింటికి ఆయన కాగితం గడగడా చదివాడు. బలపరిచినవారిగా అమ్మ పేరు వినబడగానే తలుపు దగ్గరున్న స్వీపరమ్మకు ఒళ్లు భగ్గుమంది. గోడవారన నిలబెట్టిన స్వీపర్లంతా తలలు దించుకున్నారు.

"మా అమ్మ చచ్చిపోయిందయ్యా!" అని అరిచింది. "పోయి ఏడాదైంది. చచ్చినావిడ ఇవాళ ఎలా బలపరుస్తుంది!"

కాంట్రాక్టరు లేచి, "పాపం, తల్లి మీద బెంగ. కాసిని మంచినీళ్లివ్వండమ్మా" అన్నాడు జాలిగా. ఎవరో గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. ఆ జాలికి ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. రిజిస్ట్రారు ఆగిన వరుస మీద వేలు పెట్టి మళ్లీ అందుకున్నాడు.

"ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు."

చప్పట్లు మోగాయి. గోడవారన ఉన్నవాళ్లూ కొట్టారు. వాళ్లలో ఒక ముసలామె మాత్రం రెండు చేతులూ వీపు వెనక్కి దాచుకుంది.