జాతర నాటి దోసెలు

అక్షర దోషాలుంటే మన్నించండి. గిన్నెలు తోమిన చేతికి కలం ఈ మధ్యే అలవాటయింది. ఒక్కో మాట దగ్గర ఆగి ఆగి రాశాను.

సోమయ్య సగం కోసిన ఉల్లిగడ్డను నూనెలో ముంచి పెనం మీద రుద్దాడు. నీళ్లు చిలకరించాడు. చుయ్యిమని లేచిన ఆవిరిలో ఆయన బక్కమొహం కాసేపు కనిపించకుండా పోయింది. సూర్యాపేట హైవే పక్కన ఆ హోటల్లో ఏళ్ల తరబడి ఆయన చోటు అదే. విజయవాడ బస్సు ఆగితే జనం దిగుతారు, తింటారు, పోతారు. దోసె పోసిన మనిషి ఎవరని అడగరు. ఆయనకు అది ఎన్నడూ కొరతగా తోచలేదు.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక మేనేజర్ వేణు కాగితం పట్టుకుని వచ్చాడు. మోతె నుంచి ఉత్త కాళ్లతో వచ్చిన వేణును అక్కడ పనికి పెట్టించింది సోమయ్యే. తన గదిలో ఉంచుకున్నాడు. డిగ్రీ పరీక్షలప్పుడు అతని పని కూడా తనే చేశాడు.

"సోమయ్యగారూ, ఇది మీ టార్గెట్. ఎవరు ఎంత చేయాలో స్పష్టంగా రాయమని కొత్త ఓనర్లు చెప్పారు."

ఎప్పటిలా 'అన్నా' అని పిలవలేదు. సోమయ్య అట్లకాడ పక్కన పెట్టాడు.

"రోజుకు వెయ్యి దోసెలు. రెండు నెలలు తగ్గితే మిర్యాలగూడ బ్రాంచిలో గిన్నెల పనికి పంపుతారు."

"ఆడ గూడ గిన్నెలు జిడ్డే ఉంటయ్ సోమన్నా, పరేషాన్ గాకు," అంది గిన్నెలు కడుగుతున్న సైదమ్మ.

సోమయ్య నవ్వలేదు. "వెయ్యి ఎన్నడు పోసిన తమ్మీ?"

"పెద్దగట్టు జాతర నాడు. బిల్లుల్లో ఉంది. చేయలేనిది రాయలేదు, మీరు చేసిందే రాశా."

ఆ రోజు మిగతా మాస్టర్లు జాతరకు పోయి రాలేదు. బయట బస్సులు బారులు తీరాయి. ఆ రోజుకు హోటల్ బాధ్యత మీద పడ్డ వేణు ఆయన రెండు చేతులూ పట్టుకుని, "అన్నా, ఈ ఒక్క పొద్దు నా ఇజ్జత్ కాపాడు, జల్మల మర్వ" అన్నాడు. చీకటితో పెనం ముందు నిలబడ్డ సోమయ్య మళ్లీ చీకటి పడ్డాక కూర్చున్నాడు. ఆనాటి అమ్మకం చూసే వేణును మేనేజర్ చేశారు.

"ఆ పొద్దు నీ కోసం చేసిన వేణూ."

వేణు కాగితం మీంచి తల ఎత్తలేదు. "ఎవరి కోసం అన్నది ఈ కాయిదంల రాయరు. ఎంత అన్నదే రాస్తరు."

"జాతరల ఉరికిన ఎద్దును దినాం గట్లనే ఉరకమంటరా సారూ?" అంది సైదమ్మ.

వేణు విననట్టే ఉండి, రాత్రి పోయేముందు కాగితం మీద సంతకం పెట్టి తన బల్ల మీద ఉంచమని సోమయ్యకు చెప్పి వెళ్లాడు.

సోమయ్య సాయంత్రం బస్సులకు ఎప్పటిలాగే పోశాడు. ఒక్క దోసె మాడలేదు. పని అయ్యాక పెనం తుడిచి, మొహం కడుక్కుని, సంచి భుజాన వేసుకున్నాడు. కోదాడలో చెల్లెలుంది.

"మల్లెప్పుడొస్తవ్ సోమన్నా?"

"సూద్దాం," అని కోదాడ బస్సెక్కాడు.

వేణు బల్ల మీద కాగితం అలాగే ఉంది. సంతకం పెట్టాల్సిన చోట, జాతర మర్నాటి నుంచీ సోమయ్య మణికట్టు నొప్పికి తొడుక్కుంటున్న సాగే పట్టీ, చెమట తడి ఇంకా ఆరకుండా, ఆయన చెయ్యి లోపల ఉన్నట్టే గుండ్రంగా పడి ఉంది.

— బొల్లెద్దు సైదమ్మ, అరవై రెండేళ్లు. ఇప్పుడు ఉండేది దామరచర్లలో, బిడ్డ దగ్గర.